రక్తస్రావ శబ్దము: అర్థము, వ్యవహారము

ఆంగ్లమున 'హెమరేజ్' అను వైద్యపదమునకు తెలుగున 'రక్తస్రావము' అను పదమును వాడుచున్నాము. పత్రికలలోను, పాఠ్యగ్రంథములలోను, వైద్యశాలల పత్రములలోను ఈ పదమే స్థిరపడినది. పదము శిష్టసమ్మతమైనది, పెక్కు భారతీయభాషలకు సమానమైనది. దీనిపై ఆక్షేపణకు తావు లేదని నేనును చాలకాలము తలచితిని. ఇప్పుడట్లు తలచుట లేదు. ఈ శబ్దము రక్తము వెలువడుటను చెప్పును. ఎంత వెలువడినది, ఎంత వేగముగ వెలువడినది, ప్రాణాపాయము కలదా అను విషయమును చెప్పదు. తీవ్రతను తెలుపవలసిన చోట ఈ ఒక్క పదముతో సరిపెట్టుకొనుట శాస్త్రమునకు లోటు, రోగికి కీడు. తీవ్రతను తెలుపు శక్తి తెలుగునకు లేకపోలేదు. అది మన నామవాచకములకంటె క్రియలయందును, పరిమాణవాచకములయందును హెచ్చుగ నున్నదని నా అభిప్రాయము.

ఈ అభిప్రాయమునకు కారణమైన సంఘటనను ముందుగ చెప్పుట ఉచితము. ఢిల్లీ నగరమున నైరుతి భాగమందున్న వసంత్ కుంజ్‌లో నా నివాసము. ఆ పరిసరములందు కాలేయవ్యాధులకును, వెన్నెముక గాయములకును ప్రత్యేకముగ వెలసిన వైద్యసంస్థలు కలవు. ఇతర వైద్యశాలలును కలవు. దేశపు నలుమూలలనుండి రోగులు అచటికి వచ్చుచుందురు. హిందీ ఎరుగని తెలుగువారికి దుబాసిగ నిలుచు అవకాశము నాకు అప్పుడప్పుడు కలుగుచుండును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వైద్యశాలవారు రోగుల నడుగవలసిన ప్రశ్నలను తెలుగు చేసి యిమ్మని కోరగా నేను చేసి యిచ్చితిని. 'మీకు ఎప్పుడైనను రక్తస్రావము కలిగినదా?' అనునది అందలి ఒక ప్రశ్న. వ్రాసినప్పుడు ఆ వాక్యము నాకు నిర్దుష్టముగ తోచినది.

పిదప కొన్ని నెలలకు పాలమూరునుండి పనికై వచ్చిన ఒక కూలీని అతని భార్య అచటికి తీసికొని వచ్చెను. అతనికి కాలేయవ్యాధి. నేను వ్రాసిన ప్రశ్నను నేనే చదివి వినిపించితిని. ఆమె క్షణమాగి, "లేదు సారూ" అనెను. ప్రక్కనున్న నర్సు మలయాళీ. ఆమెకు తెలుగు రాదు. అయినను రోగి ముఖము చూచి ఆ సమాధానమును నమ్మలేదు. చేతిని నోటి యొద్ద నుంచి, వాంతి యగునట్లు అభినయించి, నేలపై నున్న ఎర్రని గుడ్డను చూపెను. వెంటనే ఆ ఇల్లాలు, "అయ్యో, నెత్తురా? రాత్రి కక్కిండు సారూ, చెంబెడు" అనెను.

కాలేయము గట్టిపడినప్పుడు దానిలోనికి పోవలసిన రక్తమునకు అడ్డు కలుగును. ఒత్తిడి పెరిగి అన్ననాళమునందలి సిరలు ఉబ్బును. అవి చిట్లినచో రోగి నెత్తురు కక్కును. కాలేయరోగులకు కలుగు గండములలో ఇది మిక్కిలి భయంకరమైనది. వైద్యులు వెంటనే లోదర్శినిని నోటిగుండ లోనికి పంపి, చిట్లిన సిరలకు రబ్బరు పట్టీలు బిగించిరి. ఆ మనుష్యుడు బ్రదికెను. నా ప్రశ్నకు వచ్చిన సమాధానమును మాత్రమే నమ్మియుండినచో ఏమి జరిగెడిదో నేను చెప్పలేను. ఆమె అబద్ధమాడలేదు. నేనడిగిన మాట ఆమె మాట కాదు; అంతియే.

ఇంటికి వచ్చి ఆ శబ్దమును మొదలంట పరిశీలించితిని. హెమరేజ్ అను పదమునకు మూలము గ్రీకు. అందలి పూర్వభాగము 'హైమ', అనగా రక్తము. ఉత్తరభాగము 'రేగ్నూమి' అను ధాతువునకు సంబంధించినది. దాని అర్థము పగులుట, బ్రద్దలగుట. కావున ఆ పదమునకు మూలార్థము రక్తము కట్ట తెగి వెలికురుకుట. మన 'స్రావము' స్రు ధాతువునుండి వచ్చినది. దానికి ధాతుపాఠము చెప్పు అర్థము గతి. వ్యవహారమున జారుట, ప్రవహించుట. ఈ స్రు ధాతువునకు గ్రీకున సజాతీయమైన ధాతువు వేరొకటి కలదు. అది 'రేఓ', ప్రవహించుట. డయేరియా మొదలగు పదములలో నున్నది ఆ ధాతువే. రక్తమును చెప్పు 'హైమ'తో అది చేరగా ఏర్పడిన వైద్యపదము 'హెమరాయిడ్'; అనగా మన మొలలు. నిర్మాణమును బట్టి చూచినచో రక్తస్రావ శబ్దమునకు సరియైన జోడు హెమరాయిడ్ గాని హెమరేజ్ కాదు. వ్యుత్పత్తియే వాడుకను శాసింపదనుట నిజము. ఆంగ్లమునను నేడు హెమరేజ్ అను పదమును స్వల్పమైన రక్తస్రుతికిని వాడుట కద్దు. అయినను తీవ్రతయను ఛాయ ఆ పదమును విడువలేదు. మనము అనువదించినప్పుడు పగులు పోయినది, ప్రవాహము మిగిలినది.

సంస్కృతమునకు ఈ భేదము తెలియదని దీని భావము కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునాలుగవ అధ్యాయము శోణితవర్ణనీయము. అచట స్రు ధాతువు తఱచుగ చికిత్సాపరముగ వచ్చును; దుష్టరక్తమును వైద్యుడు బుద్ధిపూర్వకముగ వెలువరించుట విస్రావణము. ఆ వెలువడుట మితిమీరినచో దానిని చెప్పుటకు 'అతిప్రవృత్తము' అని 'అతి' అను ఉపసర్గ చేరును. నిలుపుటకు నాలుగుపాయములు చెప్పబడినవి: సంధానము, స్కందనము, పాచనము, దహనము. అనగా స్రవించుట వైద్యునకు సాధనము కాగలదు, ప్రమాదము 'అతి'యందున్నది. చరకసంహిత రక్తపిత్తమును వర్ణించుచు, ఊర్ధ్వమార్గమున పోవునది సాధ్యమనియు, అధోమార్గమున పోవునది యాప్యమనియు, ఉభయమార్గములందు పోవునది అసాధ్యమనియు విభజించినది. స్త్రీలకు ఋతురక్తము హద్దు మీరినచో దానికి అసృగ్దరము, ప్రదరము అను వేరు నామములు కలవు. ప్రాచీనులు మార్గమును బట్టి, మోతాదును బట్టి, సాధ్యాసాధ్యతలను బట్టి పేరు పెట్టిరి. వారి సంపదనుండి మనము స్రావ శబ్దమును మాత్రము తీసికొని, దానికి తోడుగ నున్న విచక్షణను వదలివేసితిమి.

నేటి వైద్యశాస్త్రమును చూతము. గాయపడినవారి చికిత్సకై అమెరికా శస్త్రవైద్యుల కళాశాలవారు బోధించు పద్ధతిలో రక్తనష్టము నాలుగు తరగతులు. సుమారు 70 కిలోల బరువుగల మనుష్యునియందు 750 మిల్లీలీటర్ల వరకు మొదటి తరగతి, 1,500 వరకు రెండవది, 2,000 వరకు మూడవది, ఆపైన నాలుగవది. మొదటి తరగతిలో రోగి ఇంచుమించు మామూలుగ నుండును. రెండవ తరగతిలో నాడి వేగము హెచ్చును గాని రక్తపుపోటు సాధారణముగ పడిపోదు. మూడవదానిలో పోటు పడిపోవును, మనస్సు కలత చెందును. నాలుగవది మరణద్వారము. ఈ నాలుగింటికి తెలుగున మనకున్నది ఒకే నామము. పండ్ల చిగుళ్లనుండి రెండు చుక్కలు వచ్చినను రక్తస్రావమే. తొడ ఎముక విరిగి రెండు లీటర్లు లోపలనే పోయినను రక్తస్రావమే. 'తీవ్ర రక్తస్రావముతో మృతి' అని పత్రికలు వ్రాయుట ఎల్లరు ఎరిగినదే. విశేషణము లేనిదే విషయము తెలియదని ఆ ప్రయోగమే సాక్ష్యమిచ్చుచున్నది.

స్రావ శబ్దమునకు మరియొక కొరత కలదు. అది వెలుపలికి వచ్చు ద్రవమును స్ఫురింపజేయును. 'అంతర్గత రక్తస్రావము' అని చెప్పగా, గుడ్డపై మరక కానరాని బంధువులకు ఆ మాట నమ్మదగినదిగ తోచదు. మెదడు విషయమున మాత్రము మన పత్రికాభాష చక్కని త్రోవ కనుగొన్నది. 'మెదడులో నరము చిట్లినది' అని జనము చెప్పుకొందురు. 'రక్తనాళము చిట్లినది' అని విలేఖరులు దానిని సవరించి వ్రాయుదురు. ఈ 'చిట్లుట' గ్రీకు పదమునందలి పగులునకు సరియైన తెలుగు. గ్రీకు ధాతువును ఎరిగి ఎవరును దీనిని కల్పించలేదు. జరిగినదానిని ఊహించిన జనము నోట అది తానై వచ్చినది.

ఇక జనవ్యవహారము. రక్తమునకు తెలుగు మాట నెత్తురు. తమిళమున 'నెయ్‌త్తోర్', కన్నడమున 'నెత్తరు', తుళువున 'నెత్తెరు' దీనికి జ్ఞాతులు. ఈ మాటతో తెలుగువారు వాడు క్రియలను వరుసగ నుంచి చూచినచో ఒక వైద్యపట్టిక తయారగును. చిగుళ్లనుండి నెత్తురు ఊరును. గాయమునుండి కారును. కోసికొన్నప్పుడు ధమని తెగినచో చిమ్మును. కారుటకును చిమ్ముటకును గల భేదము శస్త్రవైద్యులు సిరారక్తమునకును ధమనీరక్తమునకును చెప్పు భేదమే. నోటినుండి కక్కుదురు. దగ్గినప్పుడు కళ్లెలో నెత్తురు పడును. ప్రసవమైన స్త్రీకి గడ్డలు పడును. మితిమీరినచో నెత్తురు 'పోవుచున్నది', 'ఆగుట లేదు' అందురు. ఈ 'పోవు' క్రియ గమనింపదగినది. ప్రాణము పోవునప్పుడును క్రియ అదియే. 'నెత్తురు పోయినది' అను వాక్యమున నష్టము ధ్వనించును. 'రక్తస్రావమైనది' అను వాక్యమున ఆ ధ్వని లేదు.

క్రియలకు తోడు పరిమాణవాచకములు. గుక్కెడు, పిడికెడు, దోసెడు, చెంబెడు అని పాత్రలను, అరచేతిని కొలతలుగ జేయు 'ఎడు' ప్రత్యయము మన భాషకు సహజాలంకారము. పాలమూరు ఇల్లాలు 'చెంబెడు' అన్నప్పుడు వైద్యునకు కావలసిన అంకె ఇంచుమించుగ దొరికినది. ప్రసవమైన స్త్రీ విషయమున ఎన్ని గుడ్డలు తడిసినవి, ఎంతసేపటికి తడిసినవి అని పెద్దలు అడుగుదురు. అందును కొలత కలదు, కాలము కలదు. తీవ్రతకు కావలసినవి ఆ రెండే.

ఒక చిక్కును దాచరాదు. 'నెత్తురు కక్కుకొని చత్తువు' అనునది తెలుగున ఒక శాపనార్థము. కావున ఆ మాటను తమవారి విషయమున ముందుగ పలుకుటకు కొందరు జంకుదురు. స్త్రీలు ఋతుసంబంధమైన బాధను 'ఎర్రబట్ట' అని చాటుగ చెప్పుదురు. అడుగువాడు ముందుగ ఆ మాటను సాదరముగ పలికినచో చెప్పువారికి జంకు తీరును. నర్సు అభినయము చేసిన పని అదియే. శిష్టపదముచాటున దాగినవాడను నేను.

దీనికి పండితులు చెప్పదగిన ప్రధానాక్షేపణ ఐకరూప్యము. హిందీ, మరాఠీ, కన్నడము, మలయాళము, తెలుగు ఇవి యన్నియు రక్తస్రావ శబ్దమునే వాడుచున్నవి. 1961లో కేంద్రప్రభుత్వము స్థాపించిన వైజ్ఞానిక సాంకేతిక శబ్దావళీ సంఘము కృషికిని ఇట్టి ఐకమత్యమే ఆశయము. ఈ లాభమును నేను తృణీకరింపను. కాని ఐకరూప్యము మనము తలచునంత సంపూర్ణము కాదు. వంగభాషలో వైద్యవ్యవహారము రక్తక్షరణము. తమిళమున 'ఇరత్తప్పోక్కు', అనగా రక్తము పోవుట. మన జనులు వాడు క్రియయే అచట పారిభాషికమై నిలిచినది. వారి శాస్త్రమునకు దానివలన గౌరవలోపము కలుగలేదు. రూపమొకటియైనను అర్థమొకటి యగునన్న నమ్మకమును లేదు. రక్తపాతము తెలుగున యుద్ధమునకో, హత్యకో సంబంధించిన మాట. వంగమున గాయమునుండి నెత్తురు కారినను ఆ మాట చెల్లును. కావున గ్రంథమునకు గ్రంథమునకు నడుమ సమానపదము వంతెన కావచ్చును గాని, వైద్యునకును రోగికిని నడుమ కానేరదు.

ఆంగ్లవైద్యమే ఇటీవల ఈ త్రోవ పట్టినది. అధిక ఋతురక్తమునకు గ్రీకు ధాతువులతో కట్టిన 'మెనొరేజియా' అను పదము చిరకాలము రాజ్యమేలెను. ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థమున వాడుటచే గందరగోళమేర్పడగా, అంతర్జాతీయ స్త్రీరోగ ప్రసూతివైద్య సమాఖ్యవారు 2011లో ప్రకటించిన విధానమున ఆ పదమును మానుకొని, సామాన్యస్త్రీకి తెలియు సాదా ఆంగ్లపదములను గ్రహించిరి. పరభాషవారు తమ గ్రీకును తగ్గించుకొనుచుండగా, మనము మన సంస్కృతమును ప్రశ్నావళులలోనికి సైతము ఎక్కించుట వింతగ నున్నది.

ఇది కేవలము శబ్దచర్చ కాదు. ప్రసవానంతరమున నెత్తురు మితిమీరి పోవుటవలన ప్రపంచమున ఏటేట సుమారు 45,000 మంది స్త్రీలు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. ప్రసవమైన 24 గంటలలో 500 మిల్లీలీటర్లు పోయినచో అది వ్యాధి యనియు, 1,000 పోయినచో తీవ్రమనియు నిర్వచనము. 2025 అక్టోబరులో ఆ సంస్థయు, పైన చెప్పిన సమాఖ్యయు, అంతర్జాతీయ మంత్రసానుల సంఘమును కలిసి క్రొత్త సూచన చేసిరి: 300 మిల్లీలీటర్లు పోయి, నాడిలోగాని రక్తపుపోటులోగాని వికారము కనిపించినచో వెంటనే చికిత్సకు పూనుకొనవలెను. అనగా ఒక పెద్ద గ్లాసెడుకంటె కొంచెము హెచ్చు. ఈ విషయమును గ్రామమందలి అత్తగారికి ఏ మాటలతో చెప్పుదుము? 'ప్రసవానంతర రక్తస్రావ లక్షణములను గుర్తింపుడు' అందుమా? 'గ్లాసెడుకు మించి నెత్తురు పోయి, బిడ్డతల్లికి కళ్లు తిరిగినను, గుండె దడదడలాడినను ఆలస్యము చేయకుడు' అందుమా? 2005లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన 108 అంబులెన్సు సేవకు కేకవేయువాడు 'నెత్తురు ఆగుట లేదు' అనును గాని మన పారిభాషికమును పలుకడు.

న్యాయదృష్టిచేతను విషయము గంభీరము. ఢిల్లీలో దీర్ఘకాల ఋతురక్తముతో వైద్యునియొద్దకు పోయిన ఒక స్త్రీ వివాదమున సర్వోన్నత న్యాయస్థానము 2008 జనవరి 16న తీర్పు చెప్పినది. పరీక్షకై యిచ్చిన సమ్మతి గర్భాశయమును తొలగించుటకు సమ్మతి కాదనియు, రోగి తగిన సమాచారము తెలిసి యిచ్చినదే సమ్మతియనియు దాని సారాంశము. ఆ తీర్పు అనువాదమును గూర్చినది కాదు. అయినను తెలియని మాటక్రింద చేసిన సంతకము తెలిసి చేసిన సంతకము కాజాలదనుట దానినుండి సహజముగ తేలును. 'ఈ చికిత్సవలన రక్తస్రావము కలుగవచ్చును' అను వాక్యముక్రింద వేలిముద్ర వేసినవాడు చుక్కకు ఒప్పుకొనెనో చెంబెడుకు ఒప్పుకొనెనో ఎవరు చెప్పగలరు?

కావున నా సూచనలు ఇవి. రక్తస్రావ శబ్దమును త్యజింపనక్కరలేదు. గ్రంథములందు అది సామాన్యనామముగ నుండవచ్చును. ప్రాణాపాయకరమైన దశను చెప్పవలసినప్పుడు సుశ్రుతుని సంప్రదాయము ననుసరించి 'అతిరక్తస్రావము' అనుట మేలు. దాని ప్రక్కనే తరగతిగాని పరిమాణముగాని తప్పక చెప్పవలెను. నాళము తెగుటయో పగులుటయో ప్రధానమైన చోట 'చిట్లుట' అను మాటను పారిభాషికముగ అంగీకరింపవలెను. రక్తపిత్తమును హెమరేజ్‌కు పర్యాయముగ వాడరాదు. అది త్రిదోషసిద్ధాంతమునందలి ఒక వ్యాధి, దాని స్థానము వేరు. రోగి వినవలసిన, రోగి చెప్పవలసిన, రోగి సంతకము చేయవలసిన పత్రములందు మాత్రము నెత్తురు అను మాటయు, దానికి తగిన క్రియయు, చెంబెడు గ్లాసెడు వంటి కొలతయు ఉండవలెను. రక్తము అను మాట నేడు ఎల్లెడల తెలిసినదే గనుక 'రక్తము పోవుట' అన్నను దోషము లేదు. ప్రాణము క్రియలో నున్నది.

ఈ పని వైద్యులొక్కరివలన కాదు. ఊరు, కారు, చిమ్ము, కక్కు, పోవు అను వానికి జిల్లాజిల్లాకు గల భేదములను మంత్రసానులనుండి, నర్సులనుండి, ఆశా కార్యకర్తలనుండి సేకరించుట భాషాశాఖల పని. వృత్తిపదములను సేకరించుటలో తెలుగు పరిశోధకులకు అనుభవము తక్కువ కాదు. రోగియొక్క పదములను అదే శ్రద్ధతో సేకరింపలేమా? ఇతర భారతీయభాషల పండితులును తమతమ భాషలలో ఇట్టి పరిశీలనము చేసినచో, స్రావ శబ్దముక్రింద ఎన్ని క్రియలు కప్పబడియున్నవో తెలియగలదు.

నేను వ్రాసిన ఆ ప్రశ్నను పిమ్మట మార్చితిని. 'ఎప్పుడైనను నెత్తురు కక్కినారా? మలము నల్లగ తారువలె వచ్చినదా? ఎంత, ఎన్ని మారులు?' అని ఇప్పుడున్నది. వాక్యసౌష్ఠవము కొంత తగ్గినది. అడిగినవారికి సమాధానము దొరుకుచున్నది. ఈ విషయమును విజ్ఞులు విచారింతురు గాక.